వ్యూస్ వేరు, బేరం వేరు

ప్యాకింగ్ కవర్లు, లేబుళ్లు డిజైన్ చేయడం నా పని. పచ్చళ్లవాళ్లు, స్వీట్లవాళ్లు, చీరల కొట్లవాళ్లు, ఈమధ్య రొయ్యల చెరువుల సరంజామా అమ్మేవాళ్లు కూడా వస్తుంటారు. లేబుల్ అంతా కుదిరాక దాదాపు అందరూ అడిగేది ఒకటే: "కింద ఆ గుర్తులన్నీ వేసెయ్యండి." ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్, వాట్సాప్. ఐదు గుండ్రాలు వరసగా. పేజీ పేరు ఏమని రాయాలండీ అంటే, "ముందు గుర్తులు వేయండి, పేజీలు మావాడు తర్వాత ఓపెన్ చేస్తాడు" అంటారు.

అన్నిచోట్లా ఉండి తీరాలన్న ఈ ఆత్రం ఎక్కడినుంచి వస్తోందో, మా ఊళ్లో చిన్న వ్యాపారులకు పెట్టిన ఒక శిక్షణ తరగతిలో కూర్చున్నాక అర్థమైంది. తెర మీద ఒక పట్టిక వేశారు. ఫేస్‌బుక్ అంటే ముప్ఫై ఐదు దాటినవాళ్లు, ఇన్‌స్టాగ్రామ్ అంటే కుర్రకారు, లింక్డిన్ అంటే ఉద్యోగస్తులు, యూట్యూబ్ అంటే అందరూ, వాట్సాప్ అంటే కస్టమర్ సర్వీసు. నా పక్కన కూర్చున్న ఏరియేటర్ల (రొయ్యల చెరువు నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) షాపాయన దాన్ని డైరీలో గీతలు కొట్టి మరీ ఎక్కించుకున్నారు. టీ తాగేటప్పుడు ఆయనే వెళ్లి అడిగారు: "రొయ్యల రైతుల్లో ఇరవై అయిదేళ్లవాళ్లూ ఉన్నారు, అరవై ఏళ్లవాళ్లూ ఉన్నారు. నేను దేంట్లో పెట్టుకోవాలండీ?" వచ్చిన జవాబు: "అన్నిట్లోనూ పెట్టండి సార్, వీడియో ఒకటే కదా."

ఆ జవాబుతోనే నాకు పేచీ. చిన్న కొట్టువాడి దగ్గర డబ్బు కంటే తక్కువగా ఉండేది తీరిక. ఆ తీరికను ఐదు చోట్లకు పంచితే ఏ చోటా ఆనదు. ఇక ఏ ఒక్కచోటో తేల్చుకోవడానికి కస్టమర్ వయసు చూడమనడం ఇంకా పెద్ద పొరపాటు. చూడాల్సింది ఆ మనిషి ఏ పనిమీద ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు మన సరుకు కంటబడుతోంది అన్నది. నేను చూసిన కొట్లలో నిలదొక్కుకున్నవన్నీ తెలిసో తెలియకో ఈ సంగతి పట్టుకున్నవే.

వయసు లెక్క ఎందుకు తప్పిందంటే

ఒకప్పుడు ఆ పట్టికలో కొంత నిజం ఉండేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక యూట్యూబ్ పల్లెల్లోకి దిగింది. టిక్‌టాక్ ఒక ఊపు ఊపింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను కేంద్రం నిషేధించింది. రోజుల తేడాలో, జులైలోనే, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడ మొదలయ్యాయి. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. అప్పటిదాకా ఇన్‌స్టాగ్రామ్ అంటే కాలేజీ పిల్లలు ఫొటోలు పెట్టుకునే చోటు. టిక్‌టాక్ నుంచి బయటపడ్డ జనం, అన్ని వయసులవాళ్లూ, అన్ని ఊళ్లవాళ్లూ, వీటిలోకి వచ్చి పడ్డారు. ఇవాళ మా అత్తయ్య రీల్స్ చూస్తుంది. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్ బైకు కోసం ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వెతుకుతాడు. పట్టిక ప్రకారం ఇద్దరూ ఉండాల్సిన చోట లేరు.

మా అత్తయ్యనే తీసుకోండి. పొద్దున వాట్సాప్‌లో చుట్టాల గ్రూపు చూస్తుంది, ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబిస్తుంది. కూర తరుగుతూ యూట్యూబ్‌లో చీరల లైవ్ పెట్టుకుంటుంది, చూడడం తక్కువ, వినడం ఎక్కువ. మధ్యాహ్నం ఫేస్‌బుక్‌లో ఎవరింట్లో పెళ్లయింది, ఎవరి పిల్లాడు ఏ దేశం వెళ్లాడు అన్నది చూస్తుంది. రాత్రి నిద్ర పట్టక రీల్స్. మనిషి ఒక్కరే, వయసు ఒక్కటే. కానీ రాత్రి పదకొండింటికి రీల్‌లో ఎంత మంచి చీర కనబడినా ఆవిడ కొన్నట్టు నేను చూడలేదు. వేలు పైకి జరుగుతూనే ఉంటుంది. కొన్నవన్నీ పొద్దున పదకొండు గంటల లైవ్‌లో కొన్నవి, లేదా వాట్సాప్‌లో తెలిసినావిడ ఫొటో పెడితే కొన్నవి.

స్టాఫ్ రూమ్ చీరలు

చీరల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను చూసినంతలో తెలుగునాట సోషల్ మీడియా వ్యాపారం అనేది బాగా పండింది ఇక్కడే.

మంగళగిరి నూలు చీర కట్టేది ఎవరు? నా ఎరుకలో ఎక్కువమంది టీచర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగినులు. నిజాం అంచు, ఒంటిమీద బుటా లేని సాదా చీర, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే రోజంతా నిలబడి పాఠం చెప్పినా నలగదు. ఇలాంటి చీరలు కొట్టుకు వెళ్లి కొనడం కంటే ముందునుంచీ ఒక దారి ఉంది: మూట కట్టుకుని స్కూలుకు వచ్చే చీరలావిడ. లంచ్ బెల్లు కొట్టాక స్టాఫ్ రూమ్‌లో మూట విప్పుతుంది. ఒకరు తీస్తే పక్కవారు చూస్తారు, రంగు మీద నాలుగు మాటలు నడుస్తాయి, డబ్బు మాత్రం ఒకటో తారీఖు తర్వాత వాయిదాల్లో. పుస్తకంలో పేరు రాసుకుని వెళ్లిపోతుంది. ఆ అమ్మకాన్ని నడిపింది మూడు సంగతులు: నలుగురూ కలిసి చూడడం, అమ్మేమనిషి మొహం తెలిసుండడం, అరువు.

ఇప్పుడు ఈ చీరలను ఇంటర్నెట్‌లో అమ్మాలనుకునేవాడు ఏ చోటు ఎంచుకోవాలి? "మహిళలు, ముప్ఫై నుంచి యాభై అయిదేళ్లు" అని చూస్తే పట్టిక ఫేస్‌బుక్ అంటుంది. స్టాఫ్ రూమ్ చూసినవాడు మాత్రం వాట్సాప్ అంటాడు. నాకు తెలిసిన ఒకావిడ చేసింది అదే. పాత వాయిదాల పుస్తకంలోని పేర్లనే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుల్లోకి ఎక్కించింది. ఒక్కసారి పంపితే అందరికీ విడివిడిగా మెసేజ్ చేరే ఏర్పాటు అది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌కి రెండు కట్టుబాట్లున్నాయి. ఒక్కో లిస్టులో 256 మందే పడతారు, అందులోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. శిక్షణ తరగతుల్లో దీన్ని లోపంగా చెబుతారు. చిన్న వ్యాపారికి ఇది వరం అని నా నమ్మకం. నంబరు సేవ్ చేసుకోవడమంటే కస్టమర్ తలుపు తీసి రమ్మన్నట్టే. ఆ 256 మందిలో ఒక్కొక్కరూ ఒక్కో స్టాఫ్ రూమ్‌కి దారి. ఒక టీచరమ్మ ఫోన్‌లోని ఫొటో లంచ్‌లో నలుగురు చూస్తారు. యాప్ లెక్కల్లో అది ఒక్క వ్యూ.

అదే ఆవిడ మొదట బ్రాడ్‌కాస్ట్ బదులు గ్రూపు పెట్టింది. గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది. ఎవరో ఒకాయన, ఎవరి ద్వారా చేరాడో కూడా తెలియదు, రాత్రిపూట ఇద్దరు టీచర్లకు విడిగా గుడ్ నైట్‌లు పంపడం మొదలుపెట్టాడు. వారంలో సగం మంది గ్రూపు వదిలేశారు, వాళ్లలో కొందరు చీరలు కొనడమే మానేశారు. ఆడవాళ్లు కొనే సరుకు అమ్ముతున్నప్పుడు నంబరు ఎవరికి కనబడుతుంది, ఎవరికి కనబడదు అన్నది చాలా పెద్ద ప్రశ్న. 2023 సెప్టెంబరులో మన దేశంలోకి వచ్చిన వాట్సాప్ ఛానళ్లలో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. ఈ ఒక్క కారణంతోనే గ్రూపు మాని ఛానల్‌కి మారమని నేను చాలామందికి చెప్పాను. వయసుల పట్టికలో ఇలాంటి విషయానికి గడే లేదు.

మరి యూట్యూబ్ లైవ్ సంగతి? అక్కడ నడిచే బేరం వేరు. "సింగిల్ పీస్ అండీ, నచ్చినవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేసేయండి", "ఇది బుక్ అయిపోయిందండీ", "రీసెల్లర్స్ గ్రూపులో జాయిన్ అవ్వండి", "పార్సిల్ ఓపెనింగ్ వీడియో ఉంటేనే డ్యామేజీ తీసుకుంటాం." ఈ మాటలు తెలియని తెలుగు ఇల్లు ఇవాళ తక్కువ. లైవ్‌లో చీర కొనేది పరిచయం వల్ల కాదు, చేజారిపోతుందేమో అన్న తొందర వల్ల. అమ్మే అమ్మాయి చెంగు పరిచి, లైటు కింద తిప్పి, బ్లౌజు ముక్క విడిగా చూపించి, "వెనకవైపు చూడండి, దారాలు లేవు" అంటుంది. కొట్టులో కౌంటర్ వెనక మనిషి చేసే పనే అది. కాబట్టి అక్కడ నిలబడాలంటే రోజూ కొత్త స్టాకు కావాలి, గంట సేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి కావాలి, లైవ్ నడుస్తుండగా పక్కన కూర్చుని స్క్రీన్‌షాట్లకు జవాబిచ్చే ఇంకో మనిషీ కావాలి. నెలకు నలభై చీరలు నేయించుకునే మగ్గాలాయనకు ఇది కుదరదు. సూరత్ నుంచి బేళ్లు దించుకునే హోల్‌సేలర్‌కి సరిగ్గా కుదురుతుంది. ఇద్దరి కస్టమర్లూ ఆడవాళ్లే, ఇద్దరిదీ చీరల వ్యాపారమే. చోట్లు మాత్రం వేరు.

చెరువు గట్టు మీద రైతు

ఏరియేటర్ల షాపాయన దగ్గరికి వస్తాను. ఆయన షాపు పశ్చిమగోదావరిలో, చుట్టూ రొయ్యల చెరువులు. శిక్షణ తర్వాత ఆయన మేనల్లుడు ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టాడు. డ్రోన్‌తో చెరువుల మీద తెల్లవారుజామున తీసిన వీడియో, వెనక సినిమా పాట. ఏరియేటర్ల రెక్కలు నీళ్లు చిమ్ముతుంటే సూర్యుడు పడి నిజంగా చాలా బాగుంది. వ్యూస్ వేలల్లో వచ్చాయి. కింద కామెంట్లు చదివాను: "ఏ ఊరు బ్రో ఇది", "లొకేషన్ పెట్టు", "మా గోదావరి". ఏరియేటర్ ధర అడిగినవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

రొయ్యల రైతు ఫోన్ ఎప్పుడు తీస్తాడో చూద్దాం. పొద్దున వాట్సాప్ గ్రూపులో కౌంట్ల (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్లు చూస్తాడు: 30 కౌంట్ ఎంత, 50 ఎంత, 100 ఎంత. ఆ రేటుని బట్టే పట్టుబడి చేయాలా, ఇంకో వారం ఆగాలా అన్న ఆలోచన. చెరువులో ఏదైనా తేడా కనబడితే, మేత తినడం తగ్గినా, రెట్టలు తెల్లగా తేలినా, యూట్యూబ్‌లో వెతుకుతాడు. చాలామంది టైపు చేయరు. మైకు నొక్కి "రొయ్యకి వైట్ గట్ వస్తే ఏం చేయాలి" అని అడుగుతారు. ఇక అర్ధరాత్రి దాటాక, తెల్లవారే ముందు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతున్న వేళ ఏరియేటర్ ఆగిపోతే ఏ యాప్ తెరవడు. ఫోన్ చేస్తాడు. ఎవరికి? గేర్‌బాక్స్ పాడైతే వచ్చి చూస్తారని నమ్మకం ఉన్న షాపుకి.

ఈ మూడు వేళల్లో మొదటిది రేట్ల గ్రూపుది. అక్కడ సరుకు అమ్మబోతే గ్రూపులోంచి తీసేస్తారు, తీసేయాలి కూడా. మూడోది ముందే సంపాదించుకున్న నమ్మకం మీద ఆధారపడింది. రెండోదే షాపుకి తెరిచి ఉన్న తలుపు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చాలి, బేరింగ్ పోతే శబ్దం ఎలా వస్తుంది, మోటారు కాలిపోకుండా ప్యానెల్‌లో ఏం చూసుకోవాలి, ఎకరానికి ఎన్ని రెక్కలు వేసుకోవాలి అన్నవి షాపులోని మెకానిక్ చేత చెప్పించి యూట్యూబ్‌లో పెడితే, అవసరం పడ్డ రైతు మైకులో అడిగినప్పుడు బయటికొస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ రీల్ కొన్నాళ్లకే మరుగున పడుతుంది. బేరింగ్ శబ్దం వీడియో వచ్చే సీజన్లో కూడా పనికొస్తుంది. వెతికి చేరుకునే చోటుకీ, దానంతటది కళ్లముందు పడే చోటుకీ ఉన్న ఈ తేడా నా దృష్టిలో వయసు, ఊరు, చదువు అన్నిటికంటే పెద్దది. అవసరం పుట్టాక కొనే సరుకు వెతికే చోట ఉండాలి. చూస్తే కోరిక పుట్టే సరుకు కళ్లముందు పడే చోట ఉండాలి.

ఆ లెక్కన కొన్ని వ్యాపారాలకు సోషల్ మీడియానే అక్కర్లేదు. ఏసీ మెకానిక్, పళ్ల డాక్టరు, పంక్చర్ షాపు: గూగుల్ మ్యాప్‌లో సరైన చోట చుక్క, పనిచేసే నంబరు, తెరిచే వేళలు, నిజమైన రివ్యూలు. అది వదిలేసి ఉగాది శుభాకాంక్షల పోస్టరు వేయించుకుని ఏం లాభం? హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్లల్లో లేత్ పని చేసే వర్క్‌షాపులవాళ్లు కూడా రీల్స్ చేయిస్తున్నారని విన్నప్పుడు బాధేస్తుంది. వాళ్ల సరుకు కొనేది ఏదో కంపెనీలో పర్చేజ్ మేనేజరు. ఆయన కంపెనీలకు సరుకు అమ్మేవాళ్ల వివరాలుండే ఇండియామార్ట్ సైట్‌లో వెతుకుతాడు, లింక్డిన్‌లో ఆ వర్క్‌షాపు యజమాని ఎవరో చూస్తాడు, డ్రాయింగ్ మెయిల్ చేస్తాడు.

చూసేది ఒకరు, తేల్చేది ఒకరు, కట్టేది ఒకరు

మన ఇళ్లల్లో కొనుగోలు ఒక్క మనిషి పని కాదు. వయసుల పట్టిక మన దగ్గర తప్పడానికి ఇదీ ఒక కారణం.

పెళ్లికూతురు మగ్గం వర్క్ బ్లౌజు చూడండి. పెళ్లి కుదిరిన రోజునుంచీ ఆ అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో డిజైన్లు సేవ్ చేసుకుంటూనే ఉంటుంది. అక్కడ ఇన్‌స్టాగ్రామ్‌కి సాటి వచ్చేది లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ బ్లౌజు ఎవరి దగ్గర కుట్టించాలో చాలా ఇళ్లల్లో తల్లి తేలుస్తుంది, తెలిసినవాళ్లను అడిగి. "వాళ్ల దగ్గర కుట్టిస్తే ముహూర్తానికి చేతికొస్తుందా?" అన్నదే ఆమె ప్రశ్న. కూతురికి పనితనం చూపించే ఫొటో కావాలి, తల్లికి మాట నిలబెట్టుకుంటారన్న రుజువు కావాలి. నాకు తెలిసిన ఒక బొటిక్ అమ్మాయి ఈ రెండో పని కోసం ఏం చేస్తుందంటే, డెలివరీ ఇచ్చిన రోజు ఆ తల్లితో దిగిన ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెడుతుంది, వాళ్లు ఒప్పుకుంటేనే. ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మాత్రం పనితనం దగ్గరినుంచి తీసిన ఫొటోలు తప్ప మనుషులు ఉండరు.

పోటీ పరీక్షల కోచింగ్‌లో ఇంకో రకం. గ్రూప్-2కి చదివే కుర్రాళ్లు టెలిగ్రామ్‌లో ఉంటారు. కారణం ఫ్యాషన్ కాదు, పీడీఎఫ్‌లు. పెద్ద ఫైళ్లు అక్కడ సులువుగా వస్తాయి, పాత మెసేజ్‌లు వెతుక్కోవచ్చు, పరీక్షయిన సాయంత్రానికి కీ వస్తుంది. రోజూ కరెంట్ అఫైర్స్ ఉచితంగా ఇచ్చే సంస్థ మీద ఆ కుర్రాడికి గురి కుదురుతుంది. కానీ ఫీజు కట్టేది ఊళ్లో ఉన్న తండ్రి అయితే, ఆయనకు టెలిగ్రామ్ అంటే ఏంటో తెలియకపోవచ్చు. ఆయన్ని ఒప్పించేది హాల్‌టికెట్ నంబర్లతో సహా వేసిన ఫలితాల పేపర్ ప్రకటన, లేదా అదే ఊరినుంచి ఉద్యోగం కొట్టిన పిల్లాడు.

పచ్చళ్లయితే సముద్రాలు దాటి మరీ చీలిపోతాయి. డల్లాస్‌లో తినే కొడుకు, విజయవాడలో ఎంచే తల్లి, మధ్యలో "అమెరికాకు పచ్చళ్లు పంపబడును" అన్న బోర్డుతో కొరియర్‌వాడు. కొన్ని పచ్చళ్ల వ్యాపారాలు అమెరికాలోని తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్టులు పెడుతున్నాయి. అక్కడ ఫేస్‌బుక్‌కి ఇంకా పని ఉంది: ఊరి పేరుతో ఉండే తెలుగు గ్రూపుల్లో అద్దె ఇల్లు, కార్ సీటు, పురోహితుడు, ఇంటి భోజనం అన్నీ అడుగుతుంటారు. ఇక్కడ పొద్దున ఏడింటికి పెట్టిన పోస్టు అక్కడ రాత్రి వంటవేళకు చేరుతుంది, "ఇవాళ కూరేం చేయాలి" అనుకుంటున్న సమయానికి. మరి ఇక్కడ ఉన్న తల్లికి? ఆమెకు కావాల్సింది లీకవకుండా ప్యాక్ చేస్తారా, బరువు ఎంతవుతుంది, ఎన్నాళ్లకు చేరుతుంది అన్నవే. వాటికి వాట్సాప్‌లో మనిషి జవాబివ్వాలి. రెండు చోట్లూ పట్టుకోగలిగితే మంచిదే. ఒక్కటే వీలైతే నేను తల్లివైపే మొగ్గుతాను. తినేవాడు ఎక్కడున్నా ఆర్డరు ఆవిడ చేతిమీదుగా వెళ్తోంది కాబట్టి.

ఎదురు వాదనలు

ఇదంతా విన్న మిత్రుడొకరు, హైదరాబాద్‌లో ఏజెన్సీ నడుపుతారు, గట్టి ప్రశ్నలే వేశారు. మొదటిది: "ఒక్కచోటే కూర్చోమంటున్నావు. ఆ చోటు రేపు మూతపడితే?" టిక్‌టాక్ మీద బతికిన వ్యాపారాలు ఒక్క రాత్రిలో నిలువునా మునిగిన సంగతి అందరికీ తెలుసు. దేశీ ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) అని చెప్పుకున్న కూ యాప్ 2024లో మూతపడింది. ఈ భయం నిజం. దీనికి ఐదు చోట్ల పేజీలు పెట్టడం విరుగుడు అని మాత్రం నేను అనుకోను. ఏ వేదిక మీద దొరికిన కస్టమర్‌దయినా పేరు, నంబరు, ఊరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నది సొంత పుస్తకంలో రాసుకోవాలి. వాయిదాల చీరలావిడ దగ్గర ఉన్నది ఆ పుస్తకమే. వాట్సాప్ రాకముందూ ఉంది, పోయినా ఉంటుంది.

రెండోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. "ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ లేకపోతే ఈ కాలం పిల్లలు అసలు వ్యాపారమే ఉందని నమ్మరు. వాట్సాప్‌లో మాత్రమే ఉన్నవాళ్లంటే మోసమేమో అనుకుంటారు." ఇది నిజమే. డబ్బు ముందే పంపమంటే ఎవరైనా ఓ సారి పేజీ వెతికి చూస్తారు: ఎన్నాళ్లుగా ఉంది, కామెంట్లు మూసేశారా, కొన్నవాళ్లు ఎవరైనా మాట్లాడారా. మోసపోయినవాళ్ల కథలు ఇంటింటా ఉన్నాయి. కాబట్టి ఒకచోట వ్యాపారం చేస్తూ, ఇంకోచోట ఆనవాలుకి పేజీ ఉంచుకోవడం అవసరమే. అడ్రసు, నంబరు, కొట్టు ఫొటో, నాలుగు నిజమైన వస్తువులు, పచ్చళ్లయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు. అంతవరకే. ఆ పేజీకి రోజూ మేత వేయక్కర్లేదు. ఏజెన్సీల ప్యాకేజీలో నెలకు ఇన్ని పోస్టర్లు, ఇన్ని రీల్స్ అని లెక్క ఉంటుంది. అందులో సగం పండగ శుభాకాంక్షలు, జాతీయ దినోత్సవాలు. ఆ పోస్టరు చూసి పచ్చడి కొన్న మనిషి నాకింకా తారసపడలేదు. మిత్రుడు ఈ మాటకు ఒప్పుకోలేదు, "గుర్తుండిపోవడానికి" అన్నారు. పెద్ద బ్రాండ్లకు ఆ వాదన చెల్లుతుందేమో. పేరులో ఇంటిపేరు తప్ప మరేం లేని కొట్టుకు చెల్లదని నా అభిప్రాయం.

మూడోది వైరల్. 2024 మొదట్లో మాదాపూర్ వైపు రోడ్డు పక్కన భోజనాలు పెట్టే ఒకావిడ రీల్స్‌తో రాష్ట్రమంతా తెలిసిపోయింది. ట్రాఫిక్ ఆగేంత జనం వచ్చారు, పోలీసులు బండి తీసేయమన్నారు, చివరకు ముఖ్యమంత్రి కల్పించుకోవాల్సి వచ్చింది. "చూశావా రీల్స్ బలం?" అంటారు. చూశాను. ఆ వీడియోలు చూసిన జనంలో చాలామంది అదే నగరంలో ఉన్నారు, భోజనం ఆ పూటే తినే వస్తువు, వంద రెండొందల్లో తేలిపోతుంది. కళ్లముందు పడగానే కోరిక పుట్టి, బండి తీసి వెళ్లగలిగే సరుకు అది. అందుకే తిండి బళ్లకు రీల్స్‌ని మించింది లేదు. అదే రీల్‌ను పాలకొల్లులో ఇల్లు కట్టేవాళ్లకు కిటికీలు అమ్మే షాపు చేస్తే, చూసినవాళ్లలో ఇల్లు కడుతున్నవాళ్లెందరు, పాలకొల్లు రాగలిగినవాళ్లెందరు?

స్క్రీన్‌షాట్ అంచులో ఉంది జవాబు

"అయితే మా కస్టమర్ ఎక్కడినుంచి వస్తున్నాడో తెలిసేదెలా?" అని అడుగుతారు. అడిగితే జనం "ఫోన్‌లో చూశామండీ" అంటారు. వాళ్లకు అది ఏ యాప్ అన్న పట్టింపు ఉండదు. కానీ ఆర్డర్లలో చాలావరకు స్క్రీన్‌షాట్లుగా వస్తాయి కదా, వాటిని ఎవరూ సరిగ్గా చూడరు. చీర మధ్యలో ఉంటుంది. అంచులు చూడండి. కుడిపక్కన గుండె గుర్తు, కామెంటు, బాణం ఉంటే రీల్. కింద లైవ్ చాట్ కదులుతున్న మాటలుంటే యూట్యూబ్ లైవ్. పైన వాట్సాప్ స్టేటస్ గీతలుంటే స్టేటస్. "ఫార్వార్డెడ్" అని ఉంటే ఎవరో పంపారు, ఎవరని అడగొచ్చు. పైమూలలో టైము కూడా ఉంటుంది, ఏ వేళ చూశారో తెలుస్తుంది.

ఒక చీరల కొట్టులో ఓ నెల స్క్రీన్‌షాట్లు ఇలా తిరగేశాం. యజమాని తన యూట్యూబ్ ఛానల్ మీద చాలా నమ్మకంతో ఉన్నారు. డబ్బు కట్టి తీసుకున్న ఆర్డర్లలో ఎక్కువ భాగం ఆయన కోడలి వాట్సాప్ స్టేటస్‌వి. ఆ అమ్మాయి రోజూ తను కట్టుకున్న చీర ఫొటో పెడుతుంది, అంతే. ధర కూడా రాయదు. యూట్యూబ్ నుంచి వచ్చినవాళ్లు ధర అడిగి ఆగిపోతున్నారు. ఆ నెల తర్వాత లైవ్ కెమెరాలు, లైట్ల ఖర్చు ఆపేసి ఆ డబ్బుతో సరుకు తెచ్చుకున్నారు. యూట్యూబ్ చెడ్డదని కాదు. వాళ్ల చీరలు పెళ్లిళ్లలో చుట్టాలకు పెట్టుబడి చీరలుగా ఇచ్చే రకం కాదు, మనిషి ఒంటిమీద చూస్తేనే బాగున్నాయనిపించే రకం.

అమ్మే మనిషి సంగతి

ఇప్పటిదాకా కొనేవాళ్ల గురించే చెప్పాను. అమ్మే మనిషికి ఏది నప్పుతుందన్నది కూడా అంతే ముఖ్యం, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మా వీధిలో ఆవకాయ పెట్టి అమ్మే పెద్దావిడ ఉన్నారు. కెమెరా ముందుకు రారు, ఫొటో కూడా ఇష్టం లేదు. కానీ మాట ఎంత చక్కగా ఉంటుందో! ఆవిడ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుతారు: "ఈ ఏడాది కాయ పులుపు తక్కువొచ్చిందమ్మా, ముక్క మాత్రం గట్టిగా ఉంది. నిన్న కలిపాను, రేపు మూడో రోజు, తిరగ కలుపుతాను. నూనె పైకి తేలాకే పంపిస్తాను, తొందరపడకండి." నిమిషం లోపే ఉంటుంది. అది విన్నవాళ్లు తమ చెల్లెళ్లకు, వియ్యపురాళ్లకు పంపుతారు. ఆవిడ ఆర్డర్ల పుస్తకంలో సగం పేర్ల పక్కన ఫలానావారి చుట్టాలు అని రాసుంటుంది. ఒక ఏజెన్సీవాళ్లు వచ్చి, మొహం చూపించి వంట వీడియోలు చేస్తేనే లాభమని చెప్పి వెళ్లారట. యూట్యూబ్ పెట్టమంటారా అని ఆవిడ నన్ను అడిగారు. వద్దన్నాను.

ఆవిడ కూతురు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న: "పుస్తకంలో ఉన్నవాళ్లంతా అమ్మ వయసువాళ్లు. వాళ్ల పిల్లలు ఈ వాయిస్ మెసేజ్‌లు వింటారా అన్నయ్యా? ఇంకో పదేళ్లకు ఎవరికి అమ్ముతాం?" నా దగ్గర పూర్తి జవాబు లేదు. చుట్టాల దారిన వచ్చే బేరం గట్టిదే, కానీ దాని నడక నెమ్మది, అది కొత్త ఊళ్లకు తొందరగా పోదు. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలు ఆవకాయ గురించి ఎప్పుడు ఫోన్ తీస్తారు అని ఇద్దరం కూర్చుని ఆలోచించాం. కొనేటప్పుడు కాదు. అమ్మ పంపిన జాడీలో పైన తెల్లగా బూజు కనబడినప్పుడు, నూనె తగ్గి ముక్క పైకి తేలినప్పుడు, ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా అన్న అనుమానం వచ్చినప్పుడు. అప్పుడు వాళ్లు వెతుకుతారు. ఈ వేసవికి ఆ మూడు ప్రశ్నలకు పెద్దావిడ గొంతుతో, జాడీ మాత్రమే కనబడేలా, మూడు చిన్న వీడియోలు కూతురు తీస్తానంది. పెద్దావిడ సరేనన్నారు, చేతులు కూడా కనబడకూడదన్న షరతు మీద. గరిటె పట్టుకునేది కూతురే.